దేవుడి పట్టింపు లేని ఇంటి పిల్లని సిస్టర్స్ స్కూల్లో వేసేముందు

దసరా సెలవులు అయిపోయాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. చుట్టాల్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు పిల్లకి ఎల్‌కేజీ సీటు కోసం తిరుగుతుంటారు, ఇంటి దగ్గర్లో సిస్టర్స్ స్కూల్ ఒకటి ఉంటుంది, ఫీజు చూస్తే పక్కనున్న ఇంటర్నేషనల్ స్కూల్ కంటే తక్కువ, గ్రౌండ్ పెద్దది, చదువు బాగుందని అందరూ చెప్తున్నారు, కానీ "మనకి దేవుడి గొడవే పట్టదు కదా, పిల్లని తీసుకెళ్లి అక్కడ వేస్తే ఎలా?" అని ఒకటే టెన్షన్. మా అమ్మాయి యూకేజీ నుంచి పది దాకా అలాంటి స్కూల్లోనే చదివింది, మా ఇంట్లో పూజగది లేదు, అందుకని నాకేదో తెలుసని వాళ్ల నమ్మకం. పెద్దగా తెలిసింది లేదు గానీ ఆ పదకొండేళ్లలో మేం చేసిన తప్పులు మాత్రం బాగా గుర్తున్నాయి. ఫోన్లో గంటసేపు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా.

ముందు అది నిజంగా కాథలిక్ స్కూలేనా అన్నది చూసుకోండి. నవ్వకండి. మన దగ్గర ఇంగ్లిష్ మీడియం పెడితే చాలు, అది కాన్వెంటే. రెండంతస్తుల మేడ అద్దెకి తీసుకుని రెడ్డిగారో నాయుడుగారో నడిపే 'సెయింట్ ఫలానా కాన్వెంట్'లో ఒక్క సిస్టర్ కూడా కనపడదు, ప్రిన్సిపాల్ కుర్చీ వెనక వెంకటేశ్వరస్వామి ఫొటో ఉంటుంది. ఇంకోపక్క మిషన్ స్కూళ్లన్నీ కూడా కాథలిక్ కావు. లూథరన్లవి, బాప్టిస్టులవి, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లవి వేరు, వీళ్లంతా ప్రొటెస్టెంట్లు. వైజాగ్‌లో టింపనీ బాప్టిస్టుల స్కూల్, అదే ఊళ్లో 1847లో మొదలైన సెయింట్ అలోషియస్ కాథలిక్ స్కూల్. హైదరాబాద్‌లో గన్‌ఫౌండ్రీ ఆల్ సెయింట్స్, ఆబిడ్స్ లిటిల్ ఫ్లవర్, హైదర్‌గూడ సెయింట్ పాల్స్ మూడూ మాంట్‌ఫోర్ట్ బ్రదర్స్‌వి, కానీ ఆబిడ్స్‌లోనే ఉన్న సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్ కాథలిక్ కాదు. జిల్లాల్లో అయితే బోర్డు మీద 'ఆర్.సి.ఎం.' అని ఉంటుంది, రోమన్ కాథలిక్ మిషన్ అన్నమాట.

ప్రిన్సిపాల్ పేరు చివర రెండు మూడు అక్షరాలుంటాయి, అవి చూడండి. ఎస్.జె. అంటే జెసూట్లు, ఎస్.డి.బి. అంటే డాన్ బోస్కో వాళ్లు, ఎస్.జి. అంటే నేను పైన చెప్పిన మాంట్‌ఫోర్ట్ బ్రదర్స్. బ్రదర్ అంటే ఫాదర్‌కి జూనియర్ అనుకుంటారు చాలామంది, అది తప్పు, బ్రదర్లు చర్చిలో పూజ (మాస్) జరిపించే గురువులు కారు, వాళ్లది వేరే జీవితం. ఈ వివరాలన్నీ మనకెందుకంటే, ఇలాంటి సభలు, అంటే సిస్టర్ల, బ్రదర్ల, ఫాదర్ల సన్యాస సంఘాలు, నడిపే స్కూళ్లలో ప్రిన్సిపాల్స్‌కి కొన్నేళ్లకోసారి బదిలీ ఉంటుంది. "మీ పాప ప్రార్థన చెప్పక్కర్లేదండీ, నేను చూసుకుంటా" అని ప్రేమగా మాటిచ్చిన సిస్టర్ రెండేళ్లు తిరక్కుండా ఒడిశాకో కేరళకో వెళ్లిపోతుంది, తర్వాత వచ్చినావిడకి మీరెవరో తెలీదు. మాకు సరిగ్గా ఇదే జరిగింది. అందుకే ఏదైనా కాగితం మీద ఉండాలి, ఆ సంగతి చివర్లో చెప్తాను.

ఇక రెండోది. మతం లేని స్కూల్ కోసం వెతుకుతున్నామనుకుంటే ఆ వెతుకులాట ఇప్పుడే ఆపేయండి. కార్పొరేట్ స్కూల్లో సరస్వతి పూజ ఉంటుంది, అక్షరాభ్యాసాల రోజున పంతులుగారు వస్తారు, వినాయకచవితికి మట్టి వినాయకుణ్ణి చేయిస్తారు, పరీక్షల ముందు హాల్ టికెట్లకి పసుపు కుంకుమ పెట్టి ఇచ్చే చోట్లు కూడా ఉన్నాయి. మనం ఆ గాలిలోనే పెరిగాం కాబట్టి అది మతంలా అనిపించదు, సిలువ కనపడగానే మాత్రం ఉలిక్కిపడతాం. నేనూ అలాగే ఉలిక్కిపడ్డాను, నాస్తికుణ్ణని చెప్పుకుంటూ కూడా. నిజానికి మనలాంటి వాళ్లకి కాథలిక్ స్కూల్లో ఒక సుఖం ఉంది, అక్కడి మతం అక్కడిదేనని పిల్లకి తేలిగ్గా తెలిసిపోతుంది, ఇంటి మతం, వీధి మతం, స్కూల్ మతం అన్నీ ఒకటే అయినచోట ఆ తేడా చూపించడం చాలా కష్టం.

అసలు కష్టం ఇంట్లో. ఈ రాసిందంతా వదిలేసినా ఈ ఒక్క ముక్క మాత్రం చదవండి. మన ఇళ్లల్లో 'మతం పట్టింపు లేదు' అంటే చాలాసార్లు అర్థం, ఆయనకి లేదు, ఆవిడ కార్తీక సోమవారం ఉపవాసం ఉంటుంది, నాయనమ్మ దగ్గర తులసికోట ఉంది, అమ్మమ్మ వాళ్లు తిరుపతి మొక్కు ఇంకా తీర్చలేదని గుర్తుచేస్తూ ఉంటారు. ఇన్నాళ్లూ ఎవరి పాటికి వాళ్లు సర్దుకుపోతున్నారు. పిల్ల ఒకరోజు స్కూల్నుంచి వచ్చి అన్నం ముందు కూర్చుని నుదురు, గుండె, రెండు భుజాలు తాకి సిలువ గుర్తు వేసుకోగానే ఆ సర్దుబాటంతా బయటపడుతుంది. మా ఇంట్లో మా అమ్మ చెంచా కింద పెట్టేసింది. మా ఆవిడ నవ్వింది. నేనేమో పెద్ద మేధావిలా "అలా చేయకూడదమ్మా" అన్నాను. పిల్ల వెంటనే "నాయనమ్మ దండం పెట్టుకుంటే ఏమీ అనవు కదా" అంది. నా దగ్గర సమాధానం లేదు.

అందుకని ఫారం కొనేముందే ఇంట్లో పెద్దవాళ్లంతా కూర్చుని మాట్లాడుకోండి. పిల్ల ప్రార్థన నేర్చుకుని ఇంట్లో పాడితే ఏమంటాం? క్రిస్మస్ నాటకంలో వేస్తానంటే పంపుతామా? మెడలో మరియమ్మ లాకెట్ వేసుకొస్తే తీయిస్తామా? "నేను జీసస్‌ని నమ్ముతాను" అని ఎనిమిదో ఏట అంటే ఎలా తీసుకుంటాం, పద్నాలుగో ఏట అంటే ఎలా తీసుకుంటాం? ఈ చివరి ప్రశ్నకి గుండె గట్టిగా కొట్టుకుంటే మీకు ఆ స్కూల్ వద్దు, అందులో తప్పేం లేదు, రోజూ భయపడుతూ పిల్లని బడికి పంపడం కంటే ఇంకో బడి చూసుకోవడం నయం.

చట్టం సంగతి కొంచెం తెలుసుకుంటే మాట్లాడేటప్పుడు గొంతు వణకదు. రాజ్యాంగం 28వ అధికరణంలో మూడో క్లాజు ఉంది. ప్రభుత్వ గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థలో మతబోధనకి హాజరవ్వమని గానీ, అక్కడ జరిగే ఆరాధనలో పాల్గొనమని గానీ ఎవర్నీ నిర్బంధించకూడదు, మైనర్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. మైనారిటీ స్కూళ్లకి దీన్నుంచి మినహాయింపేమీ లేదు. అయితే సమ్మతి అన్న మాట దగ్గరే మెలిక ఉంది, అడ్మిషన్ ఫారం వెనక చిన్న అక్షరాల్లో "స్కూల్ నిర్వహించే అన్ని ప్రార్థనలకూ కార్యక్రమాలకూ అంగీకరిస్తున్నాను" లాంటి వాక్యం ఉంటే, దాని కింద మీరు చేసే సంతకమే సమ్మతి. చదివి సంతకం పెట్టండి.

అటువైపు వాళ్లకీ హక్కుంది. 30వ అధికరణం ప్రకారం మైనారిటీలు తమ విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకోవచ్చు, కాబట్టి గేటు దగ్గర మరియమ్మ విగ్రహం తీసేయమనో, అసెంబ్లీలో ప్రార్థన మానేయమనో మనం అడగలేం, అడక్కూడదు కూడా. 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం విద్యాహక్కు చట్టం మైనారిటీ స్కూళ్లకి వర్తించదని తేల్చింది. దాని ఫలితంగా ఆ చట్టంలో పేదపిల్లలకిచ్చే 25 శాతం సీట్లూ, అడ్మిషన్‌కి ఇంటర్వ్యూలు పెట్టకూడదన్న నిబంధనా వాళ్లకి లేవు. ఆ తీర్పుని మళ్లీ పరిశీలించాలని 2025 సెప్టెంబర్‌లో ఇద్దరు జడ్జిల బెంచ్ అభిప్రాయపడి ప్రధాన న్యాయమూర్తికి పంపింది గానీ, అది మారేదాకా ఆ కోటాలో సీటు వస్తుందని సిస్టర్ల ఆఫీసు చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకోకండి.

ఇంకో రెండు సంగతులు. 2024 ఏప్రిల్‌లో భారత కాథలిక్ బిషప్పుల సమాఖ్య తమ స్కూళ్లకి మార్గదర్శకాలు పంపింది: ఇతర మతాల పిల్లల మీద మన ఆచారాలు రుద్దొద్దు, పొద్దున్న అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించండి, గేటు దగ్గర పీఠిక పెట్టండి, అన్ని మతాల వాళ్లూ కూర్చునే ప్రార్థన గది ఒకటి ఏర్పాటు చేయండి అని. సిస్టర్‌తో మాట్లాడేటప్పుడు సుప్రీంకోర్టు పేరు ఎత్తేకంటే "మీ బిషప్పులే చెప్పారట కదా" అనడం ఎక్కువ పనిచేస్తుంది. రెండోది 1986 నాటి కేరళ కేసు. యెహోవా సాక్షులనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు జాతీయగీతం పాడేటప్పుడు గౌరవంగా నిలబడ్డారు గానీ పాడలేదు, స్కూల్నుంచి పంపేశారు, సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ చేర్చుకోమంది. ఆ తీర్పు రాసింది మన తెలుగాయనే, జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి. అది ప్రార్థన కేసు కాదు, పైగా వాళ్లు గట్టి విశ్వాసులు, అయినా మన పిల్లలకి నేర్పాల్సిన పద్ధతి మాత్రం అదే: లేచి నిలబడు, చేతులు కట్టుకో, పక్కవాళ్లని కదిలించకు, నోరు కదపాలని లేకపోతే కదపొద్దు. మా అమ్మాయికి మూడో క్లాసులో ఇది చెప్పాను. నాలుగో రోజుకే "బోర్ కొడుతోంది నాన్నా, ట్యూన్ బాగుంది, పాడేస్తా" అంది. సరే అన్నాను.

ఫారంలో మతం, కులం గళ్లు వస్తాయి. 'మతం లేదు' అని రాయాలనుకునేవాళ్లు రాయండి, 2023లో తెలంగాణ హైకోర్టు జనన ధ్రువపత్రం దరఖాస్తులో 'మతం లేదు, కులం లేదు' అన్న గడి కూడా ఉండాలని చెప్పింది, కాబట్టి క్లర్క్ విచిత్రంగా చూస్తే చూడనివ్వండి. సీటు వస్తుందని 'క్రిస్టియన్' అని మాత్రం రాయకండి. కాథలిక్ కోటా అంటే వాళ్లు జ్ఞానస్నానం సర్టిఫికెట్ అడుగుతారు, విచారణ గురువుల, అంటే ఆ ప్రాంతం చర్చి ఫాదర్, ఉత్తరం అడుగుతారు, అబద్ధం అక్కడే దొరికిపోతుంది. ఎస్సీ కుటుంబాల వాళ్లయితే మరీ జాగ్రత్త, 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందూ, సిక్కు, బౌద్ధులకే ఉంది, క్రైస్తవంలోకి మారినవాళ్లు మన రెండు రాష్ట్రాల్లోనూ బీసీ-సీ కిందికి వస్తారు. ఒకటో క్లాసులో రాసిన ఆ ఒక్క మాట టీసీలోకి ఎక్కి, పదిహేనేళ్ల తర్వాత కుల ధ్రువపత్రం దగ్గర ఎన్ని తిప్పలు పెడుతుందో ఎమ్మార్వో ఆఫీసులో తిరిగినవాళ్లని అడగండి.

ఇంటర్వ్యూలో "మా స్కూలే ఎందుకు?" అని అడుగుతారు. భక్తి నటించకండి. మా ముందు కూర్చున్న దంపతులు పాపం ఆ ముందు నెలలోనే గుణదల మాత దగ్గరికి వెళ్లొచ్చామని చెప్పుకున్నారు, సిస్టర్ మర్యాదగా తల ఊపి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయింది. నేను బెజవాడవాణ్ణి, ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా గుణదల తిరునాళ్లలో హిందువులు తలనీలాలిచ్చి కొబ్బరికాయలు కొట్టడం చిన్నప్పటినుంచీ చూశా, అదే ఊళ్లో పటమటలో గోరాగారి నాస్తిక కేంద్రం కూడా ఉంది, మాకు రెండూ మామూలే. "మేం ఏ మతం పాటించం, మీ స్కూల్ పద్ధతుల్ని గౌరవిస్తాం, మా పాపని క్యాటకిజం క్లాసులో మాత్రం కూర్చోబెట్టకండి" అని ఉన్నదున్నట్టు చెప్పాం. క్యాటకిజం అంటే కాథలిక్ మతపాఠం. సీటొచ్చింది.

మీరు అడగాల్సిన ప్రశ్నలు పెద్ద పెద్దవి కానక్కర్లేదు. "మతం నేర్పుతారా?" అంటే లేదనే అంటారు, వాళ్ల దృష్టిలో అది నిజమే, క్యాటకిజం కాథలిక్ పిల్లలకే పెడతారు, అదే పీరియడ్‌లో మిగతావాళ్లకి మోరల్ సైన్స్ ఉంటుంది. కాబట్టి టైమ్‌టేబుల్ అడగండి, మోరల్ సైన్స్ పుస్తకం చేతిలోకి తీసుకుని పేజీలు తిప్పండి, కొన్నింట్లో నిజాయితీ, శుభ్రత, దయ మాత్రమే ఉంటాయి, కొన్నింట్లో ప్రతి పాఠం చివరా ఒక ప్రార్థన ఉంటుంది. పండగ రోజు పూజకి పిల్లలందర్నీ చాపెల్‌కి తీసుకెళ్తారా, వెళ్లని పిల్లలు ఆ గంట ఎక్కడుంటారు, ఎవరు చూసుకుంటారు? ఇది ముఖ్యం. వెళ్లకపోతే వరండాలో ఒంటరిగా నిలబడాల్సి వస్తే ఏ పిల్లైనా వెళ్లడానికే మొగ్గుతుంది. లైబ్రరీలో కూర్చుని బొమ్మలేసుకోవచ్చు అంటే అప్పుడది నిజమైన ఎంపిక.

బొట్టు, గాజులు, పూలు, గోరింటాకు, దీక్ష బట్టల గురించి కూడా అడగండి, మీకు పట్టింపు లేకపోయినా సరే. ఆ జవాబుని బట్టి వేరే నమ్మకం ఉన్నవాళ్లతో ఆ స్కూల్ ఎలా ఉంటుందో తెలుస్తుంది. 2024 ఏప్రిల్‌లోనే మంచిర్యాల జిల్లాలో ఒక కాథలిక్ స్కూల్ మీద, పిల్లలు హనుమాన్ దీక్ష బట్టల్లో వచ్చిన విషయమై గుంపు దాడి చేసింది. అద్దాలు పగలగొట్టడం ఎవరూ సమర్థించేది కాదు. అలాంటి గొడవల తర్వాత చాలామంది ప్రిన్సిపాల్స్ ఈ విషయాల్లో ఆచితూచి మాట్లాడుతున్నారు, మీ ప్రశ్నని అనుమానంగా చూస్తే నొచ్చుకోకండి, ఎందుకడుగుతున్నారో నెమ్మదిగా చెప్పండి.

పిల్లల భద్రత గురించి సిగ్గుపడకుండా అడగాలి. కాథలిక్ చర్చిలో పిల్లల మీద జరిగిన అఘాయిత్యాలు చాలా దేశాల్లో బయటపడ్డాయి, ఇది దాచేస్తే దాగేది కాదు, అలాగని మన కార్పొరేట్ హాస్టళ్లు ఏమైనా పవిత్రమా అంటే అదీ కాదు. ఫిర్యాదు వస్తే ఎవరు తీసుకుంటారు, కమిటీ ఉందా, అందులో బయటివాళ్లున్నారా? పిల్లల మీద లైంగిక నేరాల కోసం తెచ్చిన 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్లు పోలీసులకి చెప్పాల్సిందే, "మాలో మేం చూసుకుంటాం" అనే సమాధానం ఏ మతం స్కూల్లో వినపడినా లేచి వచ్చేయండి.

నా అనుభవంలో పిల్లని ఎక్కువ ఇబ్బంది పెట్టింది మతం కూడా కాదు, కారిడార్లో తెలుగు మాట్లాడితే వేసిన ఫైన్లు, సాక్స్ రంగు మారితే నిలబెట్టడాలు. మతం వల్ల నిజంగా నొచ్చింది ఒక్కసారే. రెండో క్లాసులో ఒక సాయంత్రం హోంవర్క్ చేస్తూ చేస్తూ ఆపి, "నాన్నా, నమ్మనివాళ్లు నరకానికి వెళ్తారట, నువ్వు వెళ్తావా?" అంది. టీచర్ ఒకావిడ మాటల్లో అందట. నాకు ఒళ్లు మండిపోయింది, మర్నాడు పొద్దున్నే వెళ్లి గొడవ పెడదామని బయల్దేరాను. మా ఆవిడ ఆపి, ముందు పిల్లతో మాట్లాడమంది. ఆమె మాట వినడం మంచిదైంది. "కొంతమంది అలా నమ్ముతారమ్మా, నేను నమ్మను, చచ్చిపోయాక ఏమీ ఉండదని నా అభిప్రాయం, నాయనమ్మ మళ్లీ పుడతామంటుంది, నువ్వు పెద్దయ్యాక నీకేమనిపిస్తుందో చూద్దాం" అన్నాను. "అయితే రాత్రికి నువ్వు ఉంటావుగా" అంది. దానికి కావాల్సింది అదే. తర్వాత సిస్టర్‌ని కలిసి, గొంతు పెంచకుండా, ఏ తేదీన ఏ క్లాసులో ఏమన్నారో చెప్తే ఆవిడ మాట్లాడింది, మళ్లీ అలాంటిది వినలేదు. ఇలాంటి ఫిర్యాదు ఎప్పుడూ ఒక సంఘటన గురించే ఉండాలి, "మీ మతం ఇంతే" అని మొదలెడితే అవతల తలుపు మూసుకుపోతుంది.

డబ్లిన్‌లోనో లండన్‌లోనో ఉన్నవాళ్లకి లెక్కలు వేరు. ఐర్లాండ్‌లో పది ప్రైమరీ స్కూళ్లలో దాదాపు తొమ్మిది కాథలిక్ చర్చి ఆధ్వర్యంలోవే, అంటే అక్కడ కాథలిక్ స్కూల్ అంటే మామూలు వీధి బడి. 2018 చట్టం వచ్చాక కాథలిక్ ప్రైమరీ స్కూళ్లు జ్ఞానస్నానం పొందలేదని పిల్లల్ని వెనక్కి నెట్టడానికి లేదు, మతబోధన నుంచి తప్పుకునే హక్కు అక్కడి రాజ్యాంగంలోనే ఉంది, కానీ సెకండ్ క్లాసులో మొదటి దివ్యసత్ప్రసాదం (పిల్లలు చర్చిలో మొదటిసారి ప్రసాదం తీసుకునే వేడుక) కోసం స్కూల్ టైములోనే నెలల తరబడి తయారీ నడుస్తుంది, తోటిపిల్లలంతా తెల్లగౌన్ల గురించి మాట్లాడుకుంటుంటే మన పిల్ల వెనక బెంచీలో రంగులేసుకుంటూ కూర్చోవాలి. ఆ ఏడాదికి ముందే పిల్లని సిద్ధం చేయండి. ఇంగ్లండ్‌లో అయితే సీట్లు తక్కువైనచోట కాథలిక్ స్కూళ్లు కాథలిక్ పిల్లలకే ముందు ఇవ్వొచ్చు, చేరాక మాత్రం ప్రార్థన నుంచీ మతపాఠం నుంచీ పిల్లని తప్పించమని తల్లిదండ్రులు అడగొచ్చు.

ఇప్పుడు ఆ కాగితం. సీటొచ్చి ఫీజు కట్టిన వారంలోపు ఒక ఉత్తరం ఇవ్వండి, రెండు కాపీలు, ఒకదాని మీద ఆఫీసు స్టాంపు వేయించుకోండి. నాలుగు వాక్యాలు చాలు. మా పాప ఫలానా క్లాసు ఫలానా సెక్షన్. మేం ఏ మతమూ పాటించం. క్యాటకిజం క్లాసుకీ పూజకీ మా సమ్మతి లేదు, అసెంబ్లీ ప్రార్థనలో గౌరవంగా నిలబడుతుంది, పండగ కార్యక్రమాలు, ఆటలు, నాటకాలు, సేవా కార్యక్రమాల్లో పాల్గొనడానికి మాకు అభ్యంతరం లేదు. ఏదైనా సందేహం ఉంటే ఈ నంబరుకి ఫోన్ చేయండి. అంతే, అధికరణాల నంబర్లు అందులో రాయకండి, అవి అవసరమైనప్పుడు బయటికి తీయొచ్చు. ప్రిన్సిపాల్ మారిన ప్రతిసారీ ఆ కాపీ జిరాక్స్ తీసి మళ్లీ ఇవ్వండి.

మేం రెండోసారి ఇచ్చినప్పుడు కొత్తగా వచ్చిన సిస్టర్ కళ్లజోడు పైకి తోసుకుని మొత్తం చదివి, "నాటకాలకి అభ్యంతరం లేదన్నారు కదా, గొర్రెపిల్ల వేషానికి ఒకరు తగ్గారు" అంది. ఆ వారమంతా రాత్రిళ్లు మా అమ్మ కూర్చుని మనవరాలి తెల్ల బనీనుకి దూది అతికించింది.